రెండు హారన్లు పెడితే మోత రెట్టింపవదు

కొత్త బండి షోరూము నుంచి ఇంటికొచ్చిన నెలలోపు మనం పెట్టే ఖర్చుల్లో హారన్ తప్పకుండా ఉంటుంది. సీటు కవరు, క్రాష్ గార్డు, నంబరు ప్లేటు మీద స్టిక్కరు అయ్యాక నాలుగోది అదే. రాజమండ్రి కానీ, భీమవరం కానీ, అమలాపురం కానీ, ఏదో ఒక స్పేర్ పార్టుల కొట్టు ముందు పావుగంట నిలబడండి. "అన్నా, గట్టిగా మోగేది ఏముంది?" అని అడిగే కుర్రాడు ఒకడైనా వస్తాడు. కొట్టాయన ఓ బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి అక్కడికక్కడే మోగించి చూపిస్తాడు. వీధంతా ఉలిక్కిపడుతుంది. బేరం కుదిరిపోతుంది.

ఆ కుర్రాణ్ణి తిట్టడానికి ఇది రాయట్లేదు. మన రోడ్లు తెలిసినవాళ్ళెవరూ వాణ్ణి తిట్టలేరు. డెల్టాలో సగం ప్రయాణం గట్ల మీదే. ఒకపక్క కాలవ, ఒకపక్క చేను, మలుపు తిరిగేచోట ఎదురేముందో కనపడకుండా కొబ్బరి చెట్లు, అరటి తోట. కోతలప్పుడు రోడ్డు సగం ఆరబోసిన ధాన్యం, మిగతా సగం ట్రాక్టరు. ఆక్వా చెరువుల దగ్గర నీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల లారీ. చలికాలం తెల్లారుజామున కోనసీమలో మంచు పడితే పది గజాల్లో ఉన్న గేదె కూడా కనపడదు. అలాంటి చోట, హండ్రెడ్ సీసీ బండికి కంపెనీ ఇచ్చిన 'పీ' అనే హారన్ కొడితే ముందున్న టిప్పరు వాడికి దోమ పాడినట్టైనా వినపడదు. అద్దంలో చూడడు, పక్కకు రాడు. అప్పుడు మనకు తట్టేది ఒక్కటే: ఇంకా పెద్దది పెట్టాలి.

ఈ బాధ నిజం. దానికి కొట్టులో అమ్మే మందు పనిచేస్తుందా లేదా అన్నదే ప్రశ్న. ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళు, చదివి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు ఈ పేజీ చదువుతారు కాబట్టి లెక్కలతోనే మాట్లాడుకుందాం. పెద్ద లెక్కలేం కాదు, ఇంటర్ ఫిజిక్సే.

ముందు డబ్బా మీద అంకె సంగతి. ఒక డబ్బా మీద 105 డెసిబెల్ అని ఉంటుంది, పక్కదాని మీద 118 అని ఉంటుంది. ఆన్‌లైన్‌లో అయితే 300 డెసిబెల్ అని అమ్మే పుణ్యాత్ములు కూడా ఉన్నారు. భూమ్మీద గాలిలో మామూలు ధ్వని తరంగం 194 డెసిబెల్ దగ్గరే ఆగిపోతుంది. ఆపైన అది శబ్దం కాదు, పేలుడు. 300 అని రాసినవాడికి డెసిబెల్ అంటే ఏమిటో తెలియదని అనుకోవాలి, లేదా మనకు తెలియదని వాడికి బాగా తెలుసని అనుకోవాలి.

నిజాయితీగా రాసిన అంకె కూడా, ఎంత దూరం నుంచి కొలిచారో చెప్పకపోతే అర్థం లేనిదే. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్ తగ్గుతుంది. ఆ లెక్కన 2 మీటర్ల దగ్గర 118 చూపించే హారన్, 7 మీటర్ల దగ్గర దాదాపు 107 చూపిస్తుంది. ప్రపంచంలో చాలా దేశాలు అనుసరించే ఐక్యరాజ్యసమితి 28వ నిబంధనలో హారన్‌ను విడిగా 2 మీటర్ల నుంచి కొలుస్తారు, బండికి బిగించాక 7 మీటర్ల నుంచి కొలుస్తారు. బండి మీద ఉన్నప్పుడు 93 నుంచి 112 మధ్య ఉండాలి. మోటార్ సైకిల్ ఇంజను 7 కిలోవాట్ల లోపుదైతే, అంటే దాదాపు తొమ్మిదిన్నర హార్స్‌పవర్ లోపుదైతే, కనీసం 83 ఉన్నా చాలు. మన హండ్రెడ్ సీసీ బళ్ళు ఈ తరగతిలోవే. పది డెసిబెల్ తేడా అంటే మన చెవికి సుమారుగా సగం మోత. చిన్న బండికి చిన్న గొంతు చాలని నిబంధనే ఒప్పుకుంది. అంచేత 'కంపెనీ హారన్ వినపడట్లేదు' అన్న మీ ఫిర్యాదు అబద్ధమేం కాదు. దానికి కాగితం మీదే కారణం ఉంది.

ఇక అసలు విషయం. కొట్టులో జత కొనిపిస్తారు. ఒకటి పెడితే ఇంత, రెండు పెడితే అంతకు రెట్టింపు అనుకుంటాం. ఒకే శక్తి ఉన్న రెండు హారన్లు కలిసి మోగితే పెరిగేది 3 డెసిబెల్. అంతే. 110కి 110 కలిపితే 220 కాదు, 113. శబ్దశక్తి రెట్టింపైన మాట నిజమే, కానీ చెవి ఆ లెక్కలో వినదు. 3 డెసిబెల్ తేడాను కష్టపడి పోల్చుకుంటే గానీ గుర్తుపట్టలేం. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే అలాంటి హారన్లు పది పెట్టాలి.

మరి జత హారన్ పెట్టించినవాళ్ళంతా "ఇప్పుడు అందరూ సైడు ఇస్తున్నార్రా" అని ఎందుకంటారు? అబద్ధమాడుతున్నారా? లేదు. అక్కడ పనిచేస్తున్నది మోత కాదు, స్వరం. జతలో ఒకటి సుమారు 400 హెర్ట్జ్ దగ్గర, రెండోది 500 దగ్గర మోగుతుంది. కార్లలో ఉండేది అదే జత. ఆ రెండూ కలిసి మోగినప్పుడు ముందున్నవాడు తిరిగి చూడకుండానే 'వెనక కారుంది' అనుకుంటాడు, జరుగుతాడు. 'పీ' అని ఒక్కటే వినపడితే 'బండోడే కదా' అనుకుని అలాగే పోతాడు. మన రోడ్డు మీద దారి ఇచ్చేది బండి సైజును బట్టి. సైకిలు మోటార్ సైకిలుకు తప్పుకుంటుంది, మోటార్ సైకిలు ఆటోకి, ఆటో కారుకి, కారు లారీకి. మనం రెండువేలు పోసి కొంటున్నది డెసిబెల్ కాదు, ఒక మెట్టు పైకి ఎక్కే హోదా.

ఆ హోదా ఎన్నాళ్ళుంటుంది? వీధిలో మీ ఒక్కడికే కారు హారన్ ఉన్నన్నాళ్ళు. ప్రతి మూడో బండికీ అదే వచ్చాక, వెనక కారు హారన్ వినపడినా 'బండోడే కదా' అనుకోవడం మొదలవుతుంది. ఆ రోజు చాలా ఊళ్ళలో వచ్చేసింది కూడా. అప్పుడు కారువాడు లారీ హారన్ వైపు చూస్తాడు, మీరు ప్రెషర్ హారన్ వైపు చూస్తారు. ఎవరికీ అదనంగా సైడు దొరకదు, అందరి చెవుల్లోనూ హోరు మాత్రం మిగులుతుంది.

సరే, మోత నిజంగానే పెరిగిందనుకుందాం. పాతదాని కంటే పూర్తిగా 6 డెసిబెల్ ఎక్కువ మోగే హారన్ దొరికింది. దానితో ఏం కొన్నట్టు? పాత హారన్ 30 మీటర్ల నుంచి వినపడితే కొత్తది 60 మీటర్ల నుంచి వినపడుతుంది. గట్టు మలుపులో మీరు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్నారు, ఎదుటివాడూ అదే వేగం. ఇద్దరి మధ్య దూరం సెకనుకు 28 మీటర్ల చొప్పున తరిగిపోతోంది. మీరు సంపాదించిన 30 మీటర్లు ఒక్క సెకను లెక్క. అదీ మధ్యలో తోట అడ్డం లేకపోతే, వాడు చెవిలో పాటలు పెట్టుకోకపోతే, విని బ్రేకు మీద కాలు వేస్తే.

అదే మలుపులో మీరు 50 నుంచి 35కి తగ్గితే? 50లో వస్తున్నప్పుడు చూసి, ఆలోచించి, బ్రేకు నొక్కి ఆగడానికి పొడి రోడ్డు మీద దాదాపు 30 మీటర్లు కావాలి. 35లో 18 మీటర్లు చాలు. ఆ 12 మీటర్లకు ఎదుటివాడి చెవితో పనిలేదు, దయతో పనిలేదు. పూర్తిగా మీ చేతిలో ఉంది. హారన్ వద్దని కాదు నేను చెప్పేది. మలుపు రాకముందే ఒకసారి కొట్టండి, తప్పకుండా కొట్టండి. కానీ కొత్త హారన్ పెట్టాక మనలో చాలామంది చేసే పని వేరు. హారన్ మీద నమ్మకంతో మలుపులో వేగం తగ్గించడం మానేస్తారు. ఆ సెకను అక్కడే ఖర్చైపోతుంది, పైగా అప్పు పడుతుంది.

ఇంతవరకూ మీ సంగతి. ఇక హారన్ ముందువైపు ఉన్నవాళ్ళ సంగతి. హారన్ మూతి ముందుకు ఉంటుంది, దాని వెనక హెల్మెట్‌లో మనం ఉంటాం. మన హారన్ ఎంత మోగుతుందో అందరికంటే తక్కువ తెలిసేది మనకే.

హఠాత్తుగా పెద్ద శబ్దం వినపడితే ఒళ్ళు దానంతటదే ముడుచుకుంటుంది. కళ్ళు మూసుకుంటాయి, భుజాలు బిగుస్తాయి, మెడ శబ్దం వైపు తిరుగుతుంది. ఇదంతా ఆలోచన కంటే ముందే జరిగిపోతుంది. కుర్చీలో కూర్చున్నవాడికైతే నష్టం లేదు. అటూ ఇటూ రెండు పాల క్యాన్లు కట్టుకుని గట్టు మీద సైకిలు తొక్కుకుపోతున్న పెద్దాయన సంగతేమిటి? ఆయన వెనక నాలుగు మీటర్ల దూరంలోకి వచ్చి మీరు బటన్ నొక్కారు. హ్యాండిలు ఏ వైపు తిరుగుతుందో ఆయనకే తెలీదు. ఒకవైపు తిరిగితే మీ చక్రం కింద, రెండోవైపు తిరిగితే కాలవలో. భద్రత కోసం కొన్న వస్తువు ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చేది ఇలాగే. అదే ఆయన్ని ఇరవై మీటర్ల వెనక నుంచి కంపెనీ హారన్‌తో చిన్నగా ఒకసారి పలకరిస్తే నెమ్మదిగా అంచుకు జరుగుతాడు. సైకిలు మీదున్న మనిషికి కారు అద్దాలు అడ్డం లేవు కదండీ, ఆ 'పీ' ఆయనకు చక్కగా వినపడుతుంది.

చెవి లెక్క ఇంకోటి ఉంది. పని చేసేచోట 85 డెసిబెల్ మోత రోజుకు 8 గంటలు దాటకూడదని, ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ ఎప్పుడో చెప్పింది. ఆ లెక్కన 100 డెసిబెల్ అయితే రోజు మొత్తానికి 15 నిమిషాలు. మీరు రెండు సెకన్లు కొట్టి వెళ్ళిపోతారు. కోటిపల్లి బస్టాండ్ దగ్గరో దేవీచౌక్‌లోనో డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్, అక్కడే బండి పెట్టుకుని జామకాయలు అమ్ముకునే ఆవిడ, వాళ్ళు మాత్రం ఎక్కడికీ పోరు. అందరి రెండేసి సెకన్లూ వాళ్ళ ఖాతాలోనే పడతాయి.

మనకున్న ఇంకో జబ్బు, దారి లేదని తెలిసినా కొట్టడం. కొవ్వూరు రోడ్ కం రైలు వంతెన మీద ముందు ఆటో ఆగిపోతే వెనక పది హారన్లు మోగుతాయి. ఆ ఆటోవాడు ఎక్కడికి పోవాలి, గోదాట్లోకా? ముంబై పోలీసులు 2020లో ఈ జబ్బుకి ఒక చక్కని మందు వేశారు. సిగ్నల్ స్తంభాలకు డెసిబెల్ మీటర్లు కట్టారు. ఎర్రలైటు దగ్గర హారన్ల మోత 85 దాటితే సిగ్నల్ అంకెలు మళ్ళీ మొదటికి వస్తాయి. ఎంత కొడితే అంతసేపు ఆగాలి. ఆ వీడియో దేశమంతా తిరిగింది, అందరూ నవ్వుకున్నారు, తర్వాత ఎవరి సిగ్నల్ దగ్గర వాళ్ళు కొట్టుకున్నారు. 2025లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ హారన్లలో వేణువు, తబలా, హార్మోనియం లాంటి మన వాద్యాల ధ్వనులే ఉండేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. వినడానికి బాగుంది గానీ, వంతెన మీద వెనక నుంచి పది హార్మోనియంలు ఒక్కసారి మోగితే ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి.

చట్టం ఏమంటుందో చాలామందికి సగమే తెలుసు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 119వ నియమం ప్రకారం ప్రతి బండికీ భారతీయ ప్రమాణం ఐఎస్ 1884కు లోబడిన ఎలక్ట్రిక్ హారన్ ఉండాలి. ఒకదాని వెంట ఒకటిగా వేర్వేరు స్వరాలు పలికే మల్టీటోన్ హారన్, కర్కశంగా, కీచుగా, భయపెట్టేలా మోగే ఏ పరికరమైనా నిషేధం. అంటే పాట పాడేది, కుక్కలా మొరిగేది, అంబులెన్స్‌లా ఏడ్చేది, గాలి ట్యాంకుతో పనిచేసే ప్రెషర్ హారన్, ఇవేవీ కుదరవు. రెండు స్వరాలూ ఒకేసారి కలిసి మోగే, ప్రమాణం ముద్ర ఉన్న మామూలు ఎలక్ట్రిక్ జత ఆ నిషేధపు మాటల్లోకి రాదన్నది ఆ నియమం చదివాక నాకు అర్థమైన సంగతి.

జరిమానాల మాటకొస్తే, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 194ఎఫ్ సెక్షన్ వచ్చింది. అవసరం లేకుండా, ఆపకుండా, లేదా హారన్ వద్దని బోర్డున్న చోట కొడితే మొదటిసారి 1,000 రూపాయలు, ఆపైన 2,000. ఇది హారన్ ఏ రకమైనదైనా వర్తిస్తుంది, కంపెనీదైనా సరే. శబ్ద ప్రమాణాలు ఉల్లంఘించిన బండి నడిపితే 190(2) ప్రకారం 10,000 రూపాయల వరకూ జరిమానా, మూడు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు, మూడు నెలలు లైసెన్సు పోతుంది. ఉద్యోగానికి రోజూ బండి మీద వెళ్ళేవాడికి జరిమానా కంటే ఆ మూడు నెలలే బరువు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు వీటికి అదనం. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అక్కడా, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ నివాస ప్రాంతాల్లోనూ అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు. రాజమండ్రి దానవాయిపేటలో ఆసుపత్రుల మధ్య నుంచి ఓసారి నడిచి చూడండి, ఈ నియమం ఒకటుందని నమ్మబుద్ధి కాదు.

మన పోలీసులు ఏం చేస్తారో చూశాం. విశాఖలో, హైదరాబాద్‌లో పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరు కింద తొక్కించారు. ఫొటోలు బాగా వచ్చాయి. నా అభ్యంతరం ఒక్కటే. ఆ సామాన్లు కుర్రాళ్ళు ఇంట్లో వండుకున్నవి కావు. పట్టపగలు మెయిన్ రోడ్డు మీద గాజు అల్మారాలో పెట్టి అమ్మినవే. కొన్నవాడికి చలానా, అమ్మినవాడికి బిల్లు. ప్రెషర్ హారన్లు, మ్యూజికల్ హారన్లు అమ్మే కొట్ల మీదికి వెళ్ళకుండా ఎన్ని రోలర్లు తొక్కించినా మర్నాడు కొత్త సరుకు దిగుతుంది. అలాగే గట్టు రోడ్ల గుడ్డి మలుపుల్లో ఒక కుంభాకార దర్పణం నిలబెట్టడానికి, అడ్డం పెరిగిన కంప కొట్టించడానికి పెద్ద ఖర్చేం అవదు. ఎదురొచ్చేది కళ్ళకు కనపడితే చెవుల మీద ఇంత భారం ఉండదు. పంచాయతీలనీ ఆర్ అండ్ బీ వాళ్ళనీ ఇది అడగడానికి కుర్రాళ్ళు ముందుకు రావాలి. హారన్‌కి పెట్టే డబ్బులు నలుగురు వేసుకుంటే మీ ఊరి మలుపులో అద్దం వచ్చేస్తుందేమో కూడా కనుక్కోండి.

మధ్యలో ఒక చిన్న కథ. కారు హారన్లకు 'క్లాక్సన్' అన్న పేరు తెచ్చిన యంత్రం 1908లో అమెరికాలో బయటికొచ్చింది. దాన్ని కనిపెట్టిన మిల్లర్ రీస్ హచిసన్ అంతకుముందే ఇంకో వస్తువుకు పేరుపడ్డాడు: కరెంటుతో పనిచేసే తొలి వినికిడి యంత్రాల్లో ఒకటి అతను చేసిందే. మందీ ఆయనదే, జబ్బూ ఆయనదే అని అప్పట్లోనే జోకులు వేసుకునేవారట.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఇంత విన్నాక కూడా మీకు హారన్ మార్చాలనే ఉందనుకోండి. హైవే మీద లారీల మధ్య రోజూ కాకినాడ వెళ్ళొచ్చేవాడికి ఆ అవసరం ఉండొచ్చు, కాదనను. కొనే ముందు ఉన్నదాన్ని చూడండి. హారన్ లోపల ఒక విద్యుదయస్కాంతం పల్చటి రేకును లాగుతుంది. లాగగానే కాంటాక్టు పాయింట్లు విడిపోయి కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కి వస్తుంది, మళ్ళీ కరెంటు. సెకనుకు కొన్ని వందలసార్లు ఇదే తంతు. మన దగ్గర వాన, బురద, తీరం వైపు ఉప్పుగాలి. ఆ పాయింట్లు, టెర్మినళ్ళు చిలుం పడితే గొంతు పూడుకుపోతుంది. రెండేళ్ళు వాడిన బండి హారన్ 'వినపడట్లేదు' అన్నప్పుడు దాని అసలు గొంతు మీరు మర్చిపోయి ఉంటారు. టెర్మినళ్ళు గరుకు కాగితంతో రుద్ది, ఎర్త్ బిగించి, వెనక స్క్రూను ఒక పావు తిప్పు అటూ ఇటూ తిప్పించి చూడండి. హారన్‌ను పట్టుకున్న ఆ పల్చటి స్ప్రింగు పట్టీని కూడా గమనించండి. అది వంగి హారన్ ఒళ్ళు ఫ్రేముకు తగులుతుంటే శబ్దం చచ్చిపోతుంది. మెకానిక్‌కి టీ డబ్బులతో పోయే పని ఇది.

అయినా చాలకపోతేనే కొత్తది. ఇక్కడ జరిగే అసలు పొరపాటు మోతలో కాదు, వైరులో. చిన్న బండి కంపెనీ హారన్ సుమారు 2, 3 ఆంపియర్లు లాగుతుంది. హ్యాండిలు మీద బటన్, దాని కింది సన్నటి వైరు ఆ లెక్కకే చేసినవి. కొత్త జత 8 నుంచి 10 ఆంపియర్లు అడుగుతుంది. పాత వైరుకే తగిలిస్తే మొదటి నెల బాగానే మోగుతుంది. తర్వాత బటన్ లోపలి కాంటాక్టు కాలడం మొదలవుతుంది, కొన్నాళ్ళకు అతుక్కుపోతుంది, అర్ధరాత్రి పెళ్ళివారింటి ముందు హారన్ ఆగదు. అంతకంటే ముందే మెయిన్ ఫ్యూజు పోవచ్చు. "మాటిమాటికీ పోతోంది" అని ఫ్యూజు బదులు రాగితీగ చుట్టేవాళ్ళున్నారు. వాళ్ళకు దణ్ణం పెట్టి బండి తిప్పుకుని వచ్చేయండి. ట్యాంకు కింద వైరింగ్ కిట్ కాలితే పైన ఉండేది పెట్రోలు.

దీనికి రిలే పెట్టాలి. యాభై, వంద రూపాయల వస్తువు. పాత హారన్ నుంచి ఊడదీసిన రెండు వైర్లనూ రిలే 85, 86 పిన్నులకు ఇవ్వండి. 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా వేరే లావు వైరు, రెండున్నర చదరపు మిల్లీమీటర్లది, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజుతో. 87 నుంచి రెండు హారన్లకు. హారన్ల రెండో కాళ్ళు బ్యాటరీ నెగటివ్‌కి. ఇప్పుడు మీ బటన్ మోసేది రిలే కాయిల్‌కి కావలసిన చిటికెడు కరెంటే, అసలు బరువు లావు వైరు మోస్తుంది. ఇంకో లాభం, కంపెనీ వైరింగ్‌లో ఎక్కడా ఒక్క తీగ కూడా కొయ్యక్కర్లేదు. బీఎస్6 బళ్ళలో ఇది ముఖ్యం. పెట్రోలు పంపూ, ఈసీయూ ఆ బ్యాటరీ మీదే బతుకుతున్నాయి. తీగ కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టిన అతుకులో వాన నీరు దిగితే బండి ఎందుకు ఆగిందో కనిపెట్టడానికి సర్వీస్ సెంటర్లో రెండు రోజులు పడుతుంది, వారంటీ మాటెత్తితే ఆ టేపు చూపిస్తారు. బ్యాటరీ కూడా గుర్తుంచుకోండి. హండ్రెడ్ సీసీ బళ్ళలో మూడు, నాలుగు ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ ఉంటుంది. దాని నుంచి 10 ఆంపియర్లు లాగేది అరసెకను పలకరింపుకైతే ఫరవాలేదు, ఊరేగింపుకి పనికిరాదు.

ఈ పని చక్కగా, అతుకు కనపడకుండా చేసే ఆటో ఎలక్ట్రీషియన్లు ఊరికి ఒకరిద్దరే ఉంటారు. వాళ్ళ దగ్గర ఎప్పుడూ క్యూ ఉంటుంది. ఐటీఐ కుర్రాళ్ళు ఈ మాట గమనించాలి. బీటెక్ వాళ్ళకైతే ఇంకో తలుపు ఉంది. వాహన పరిశ్రమలో శబ్దం, కంపనం, కరకుదనం చూసే ఇంజనీర్లను ఎన్‌వీహెచ్ ఇంజనీర్లంటారు. బండి ఎంత మోగాలి, ఏ స్వరంలో మోగాలి అన్నది వాళ్ళ రోజువారీ పని. పుణెలో ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థల నుంచి హారన్లు చేసే కోయంబత్తూరు కంపెనీల దాకా వాళ్ళు కావాలి. ఎలక్ట్రిక్ వాహనాలతో ఈ పని తిరగబడి వచ్చింది. అవి మరీ నిశ్శబ్దంగా వస్తున్నాయని, పాదచారులు గమనించడానికి వాటికి కావాలనే శబ్దం పెట్టాల్సి వచ్చింది. ఐక్యరాజ్యసమితి 138వ నిబంధన ప్రకారం 20 కిలోమీటర్ల వేగంలో ఆ శబ్దం 2 మీటర్ల దగ్గర కనీసం 56 డెసిబెల్ ఉండాలి, 75 దాటకూడదు. మన రవాణా శాఖ కూడా 2025లో ఎలక్ట్రిక్ కార్లు, బస్సులు, లారీలకు దీన్ని తప్పనిసరి చేస్తూ ముసాయిదా ఇచ్చింది. పక్కనున్న మనిషి గమనించడానికి ఎంత శబ్దం చాలో కూర్చుని లెక్కకట్టిన ఇంజనీర్లు 56 దగ్గర ఆగారు. హారన్ పని వేరు, అది దూరానికి వినపడాలి, ఒప్పుకుంటాను. అయినా ఆ అంకె పక్కన మన కొట్టు డబ్బా మీది 118ని ఒకసారి పెట్టి చూసుకోండి.

ఫైనలియర్ మినీ ప్రాజెక్టుకి ఏం చేయాలని అడిగేవాళ్ళకు ఒక సలహా. ఆ 'స్మార్ట్ డస్ట్‌బిన్' ఈ ఏడాదికి వదిలేయండి. కాలేజీ ల్యాబులో సౌండ్ లెవెల్ మీటర్ ఉంటే తీసుకోండి. ఫోన్ యాప్ వద్దు, ఫోను మైకు హారన్ ముందు చేతులెత్తేస్తుంది. చెవుల్లో ఇయర్ ప్లగ్గులు పెట్టుకుని, ఖాళీ గ్రౌండులో పది రకాల బళ్ళ హారన్లను 2 మీటర్ల దగ్గరా 7 మీటర్ల దగ్గరా కొలవండి. రెంటి మధ్యా 11 డెసిబెల్ తేడా వస్తుందో లేదో చూడండి. డబ్బా మీది అంకెకు ఎంత దూరంలో ఉన్నాయో రాయండి. తర్వాత మల్టీమీటర్ తీసుకుని, హారన్ మోగుతుండగా దాని టెర్మినళ్ళ దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 12.4 ఉండి హారన్ దగ్గర 10 చూపిస్తుంటే, ఆ బండికి కావలసింది కొత్త హారన్ కాదు, కొత్త వైరు.